కొల్లూరులో ఇల్లు, చింతలబస్తీలో అద్దె

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒకాయన, సర్కారు పేదలకి కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు వచ్చినవాళ్లు తాళాలేసుకుని తిరుగుతున్నారు, అలాంటివాళ్ల దగ్గర ఇళ్లు వెనక్కి లాక్కోవాల్సిందే అని గట్టిగా మాట్లాడారు. చాలామంది అవునన్నారు. నేను నోరు మెదపలేదు, ఎందుకంటే ఆ తాళం వేసినావిడ సరిగ్గా అప్పుడే బయట మెట్లు తుడుస్తోంది. అక్కడ అనలేనిది మీకు రాస్తున్నాను.

ఆవిడ మా ఇంట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. మాది ఖైరతాబాద్, ఆవిడ ఉండేది పక్కనే చింతలబస్తీలో, ఒకే గది, నాలుగు కుటుంబాలకి కలిపి ఒక బాత్రూం. 2023లో లాటరీలో పేరొచ్చింది. ఇల్లేమో కొల్లూరులో, అంటే సంగారెడ్డి జిల్లా. వెళ్లి చూసొచ్చి ఫోన్‌లో ఫొటోలు చూపించింది, హాలు, వంటగది, రెండు బెడ్‌రూంలు, "రెండు బాత్రూంలమ్మా, రెండు" అని మూడుసార్లు చెప్పింది. 560 చదరపు అడుగుల ఇల్లు. బాగా కట్టలేదని నేను అనను. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, చూస్తే ఒక చిన్న టౌనే.

పాలు పొంగించుకుని సామాను సర్దుకున్నారు. ఇక అక్కడి నుంచి మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, బస్సు కోసం నిలబడటం, లింగంపల్లిలో దిగి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కడం, ఖైరతాబాద్ స్టేషన్ నుంచి నడక. ఆరున్నరకి వచ్చే మనిషి ఎనిమిదింటికి రావడంతో రెండిళ్లవాళ్లు పని మానిపించేశారు. (వాళ్లకీ ఆఫీసులుంటాయి, తిట్టలేను.) భర్త అడ్డా కూలీ, ఏడింటికల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయింది కదా అంటారు, నిజమే, డబ్బు మిగిలింది, కానీ రోడ్డు మీద పోయే ఐదు గంటలు ఎవరిస్తారు? మూడో నెలలో మళ్లీ బస్తీకి వచ్చేశారు. పాత గది అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు, కొత్త గదికి ఆరువేల ఐదొందలు. కొల్లూరు తాళంచెవికి పసుపుతాడు కట్టి పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. ఆదివారం ఆదివారం వెళ్లి ఊడ్చి, ఎవరైనా చెకింగ్‌కి వస్తే ఉంటున్నట్టు కనపడాలని గుమ్మం ముందు ముగ్గేసి వస్తోంది. ఈవిడా మన మీటింగ్ పెద్దమనిషి చెప్పిన మోసగత్తె!

ఇళ్లు అమ్ముకున్నవాళ్లు, అద్దెకిచ్చుకున్నవాళ్లు లేరని కాదు. ఉన్నారు, వాళ్ల సంగతి చూడండి. కానీ తాళం కనపడగానే అందరినీ ఒకే గాటన కట్టేయకండి. బోయిగూడ ఐడీహెచ్ కాలనీ చూడండి, ఈ పథకానికి మొదట నమూనాగా 2015లో పూర్తిచేసి ఇచ్చిన 396 ఇళ్లు అవి. ఏ బస్తీలో ఉన్నవాళ్లకి ఆ బస్తీ జాగాలోనే కట్టారు. పని మారలేదు, బడి మారలేదు, గాంధీ ఆసుపత్రి పక్కనే. ఆ తర్వాత కట్టిన పెద్ద పెద్దవన్నీ జాగా దొరికిందని ఊరి బయటికి పోయాయి.

అసలు నాకు అర్థం కానిది ఇంకోటి. పేదవాడికి ఇల్లంటే మన ప్రభుత్వాలకి, ఏ పార్టీ అయినా, పట్టా ఇచ్చి ఫొటో దిగడమే. అప్పటి పార్టీ లాటరీ తీసింది. ఇప్పటి పార్టీ ఇందిరమ్మ ఇళ్ల కింద సొంత జాగా ఉన్నవాళ్లకి ఐదు లక్షలిస్తోంది, చింతలబస్తీలో అద్దెకుండేవాళ్లకి సొంత జాగా ఎక్కడిది? అయితే సొంత ఇల్లు, లేకపోతే ఏమీ లేదు, ఈ రెంటి మధ్యా ప్రభుత్వమే కట్టి తక్కువ అద్దెకిచ్చే ఇల్లు అనే మాటే వినపడదు. మా నాన్న రైల్వేలో చేసేవారు, నేను పుట్టిపెరిగింది లాలాగూడ క్వార్టర్స్‌లో. మాకెవరూ పట్టా ఇవ్వలేదు, మేమూ అడగలేదు. జీతంలో కొంత కోసుకునేవారు, పైకప్పు కారితే వచ్చి బాగుచేసేవారు (రెండు వానలు పోయాకే అనుకోండి), నాన్న రిటైరయ్యాక ఖాళీ చేశాం. పనికి దగ్గరగా ఇల్లు ఉండాలని రైల్వేకి ఎప్పుడో తెలుసు. రోడ్లూడ్చేవాళ్లకీ, ఇళ్లలో పనిచేసేవాళ్లకీ, అడ్డా కూలీలకీ అదే పద్ధతి ఎందుకు పనికిరాదు? లాక్‌డౌన్‌లో వలస కూలీల నడక చూశాక, 2020 జులైలో కేంద్రమే అద్దె ఇళ్ల పథకం పెట్టింది. ఖాళీగా పడున్న సర్కారీ ఇళ్లని అద్దెకివ్వడం అందులో ఒక పద్ధతి. అంటే దారి లేక కాదు.

ఇక ప్రైవేటు అద్దె బతుకు. మా వాచ్‌మన్ సంగతి చెప్తాను. వాచ్‌మన్ పనిలోకి రాకముందు నాలుగేళ్లలో మూడిళ్లు మారాడు. ఒకచోట ఓనర్ కొడుక్కి పెళ్లని ఖాళీ చేయించారు, ఒకచోట కరెంటు యూనిట్‌కి పది రూపాయలడిగితే గొడవయింది, ఒకచోట చుట్టాలు ఎక్కువ వస్తున్నారని. ఏ ఇంటికీ అగ్రిమెంట్ లేదు, అడిగితే వేరే ఇల్లు చూసుకోమంటారు. అగ్రిమెంట్ లేదు కాబట్టి ఆధార్‌లో ఇప్పటికీ పాలమూరు పల్లె అడ్రసే. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు, సర్వేకి వచ్చినవాళ్లు పాత గదికి వెళ్లి, మనిషి లేడని రాసుకుని పోయారు. ఇల్లు లేనివాడు ఒకే అడ్రస్‌లో ఉంటే ఇల్లెందుకు అడుగుతాడు?

పోనీ అద్దె గొడవతో కోర్టుకి వెళ్దామంటే మన దగ్గర ఉన్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలకి అది వర్తించదు. ఆ డబ్బుకి ఇవాళ ఖైరతాబాద్‌లో బైకు పెట్టుకోను జాగా దొరుకుతుందేమో! 2021లో కేంద్రం నమూనా చట్టం ఒకటి తెచ్చింది, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదు, గొడవలు తేల్చడానికి వేరే అధికారి ఉండాలి అని. అది రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలయ్యేది. అందులో ఓనర్లకి పనికొచ్చేవీ చాలా ఉన్నాయి, గుడ్డిగా తెమ్మని నేననను, కానీ చట్టసభలో చర్చ అయినా జరగాలి కదా. ఈలోపు వార్డు ఆఫీసులో వారానికి రెండ్రోజులు ఒక మనిషి కూర్చుని, అగ్రిమెంట్ రాయించి, అడ్వాన్సు తిరిగివ్వని ఓనర్‌కి ఒక ఫోన్ చేసినా సగం గొడవలు తెగిపోతాయి. దీనికి కోట్లేం అక్కర్లేదు.

ఆ గది కూడా పోతే? కిందటేడు మా అత్తగారిని ఒక పెద్దాసుపత్రిలో చేర్పించి పదకొండు రాత్రులు తిరిగాను. గేటు బయట ఫుట్‌పాత్ మీద వరసగా దుప్పట్లు, రోగుల తాలూకు వాళ్లు కొందరు, ఏ ఊరూ ఏ ఇల్లూ లేనివాళ్లు కొందరు. ఒక ముసలాయన నడవలేక నడవలేక నైట్ షెల్టర్ దాకా పోయి వెనక్కి వచ్చాడు, ఆధార్ కార్డు అడిగారట. వానలో బస్టాపు బెంచీ మీద ముడుచుకున్నాడు, చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని తలకింద పెట్టుకుని. షెల్టర్లు ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలని, కేంద్రం పట్టణ పేదల కోసం పెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో ఉంది. కార్డు లేనివాళ్లకి కార్డు, పింఛను, పిల్లలకి బడి ఇప్పించడం షెల్టర్ పనిలో భాగమని కూడా అందులోనే రాసి ఉంది. ఇక్కడేమో కార్డు లేదని తలుపేశారు. లక్ష జనాభాకి వందమంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి. 2011 లెక్కల్లోనే మన గ్రేటర్ జనాభా 67 లక్షలు దాటింది, అంటే 67 షెల్టర్లు, పదిహేనేళ్ల కిందటి లెక్కకే. ఎన్ని ఉన్నాయో, అందులో రాత్రి పదకొండింటికి తలుపు తీసేవి ఎన్నో మీ రిపోర్టర్లని పంపి ఒక్క వానాకాలం రాత్రి చూసి రమ్మనండి. ఆడవాళ్లవి ఎన్నో విడిగా రాయండి.

ఇల్లు వెనక్కి తీసుకుంటామని నోటీసులిచ్చే ముందు ప్రభుత్వం కొల్లూరు ఇళ్లవాళ్లని ఒక ప్రశ్న అడగాలి, మీ పని ఎక్కడ అని. పని దూరమైనవాళ్లకి, ఆ ఇల్లు తిరిగిచ్చేసి ఊళ్లోనే సర్కారీ ఇంట్లో అద్దెకుండే అవకాశం ఇవ్వండి. కొల్లూరు దగ్గర్లోనే పనులు చేసుకునేవాళ్లు వెయిటింగ్‌లో ఉంటారు, ఆ ఇల్లు వాళ్లకిస్తే తాళం పడదు. ఈ మాట మా పనావిడతో అంటే కాసేపు ఆలోచించి, "ఇక్కడ ఒక్క గదిచ్చినా చాలమ్మా, బాత్రూం మాత్రం విడిగా ఉండాల" అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖైరతాబాద్, హైదరాబాద్