సినిమాకి స్టార్లు ఇస్తారు, అయిదు వేల గేమ్‌కి నాలుగు లైన్లు ఇవ్వరా?

ఎడిటర్ గారికి నమస్కారం,

విశాఖ గాజువాక నుంచి రాస్తున్నానండి. మీ పేపర్ మా నాన్నగారి టైమ్ నుంచి ఇంటికి వస్తోంది, ఇన్నేళ్లలో ఉత్తరం రాయాలని ఎప్పుడూ అనిపించలేదు, ఇప్పుడు రాసేది కూడా కుళాయి నీళ్ల గురించో రోడ్డు గుంతల గురించో కాదు, స్పైడర్‌మ్యాన్ గేమ్ గురించి. నవ్వుకోండి పర్లేదు, మా ఆవిడ ముందే నవ్వేసింది.

శుక్రవారం సినిమా పడితే శనివారం పొద్దున్నకల్లా మీ పేపర్లో రివ్యూ ఉంటుంది. ఫస్టాఫ్ ఎలా ఉంది, ఇంటర్వెల్ ఎక్కడ పడింది, క్లైమాక్స్ సాగదీశారా లేదా, చివర్లో స్టార్లు. ఆ టికెట్ మహా అయితే రెండొందలో మూడొందలో, బాలేకపోతే జగదాంబ దగ్గర బజ్జీలు తినేసి ఇంటికెళ్లి పడుకుంటాం. అదే పీఎస్5, అంటే టీవీకి తగిలించి ఆడుకునే ప్లేస్టేషన్ 5 మెషీన్, దాని గేమ్ డిస్క్ నేను కొన్నప్పుడు 4,999 రూపాయలు. ఇంట్లో ఒక నెల కూరగాయల ఖర్చు. కొనేముందు ఇది ఎలా ఉందిరా అని తెలుగులో చదువుదామంటే ఏ పేపర్లోనూ ఒక్క ముక్క దొరకదు, యూట్యూబ్‌లో చూద్దామంటే మొదటి నిమిషంలోనే కథంతా చెప్పేస్తారు, లేకపోతే అరుస్తారు.

నా సంగతి చెప్తాను. మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ మొదటి గేమ్ 2018 సెప్టెంబర్‌లో పీఎస్4 మీద వచ్చింది. మా అక్క కొడుకు అప్పటికి చిన్న గుంటడు, ఎంవీపీ కాలనీలో ఉంటారు వాళ్లు, శనివారం వస్తే చాలు బస్సెక్కి వచ్చేసేవాడు, మావయ్యా ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని కంట్రోలర్ వదిలేవాడు కాదు. మిషన్లు చెయ్యడు, ఊరికే ఊగుతాడు. కిందకి ఊగినప్పుడు సాలెదారం వదిలితే స్పీడు, పైకెళ్లాక వదిలితే ఎత్తు, ఆ టైమింగ్ ఒకసారి చేతికి అలవాటైందంటే ఇంక సోఫాలోంచి లేవబుద్ధి కాదు. మన ఊళ్లో స్పైడర్‌మ్యాన్ ఉంటే సిరిపురం దాకా బాగానే వస్తాడు మావయ్యా, బీచ్ రోడ్డుకొచ్చాక ఒక పక్కంతా సముద్రమే కదా దారం దేనికి తగిలిస్తాడు అని అడిగాడు ఒకరోజు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఊగడం ఒక్కటే అయితే నెలకి బోర్ కొట్టేదేమో, అసలు మమ్మల్ని పట్టేసింది కథ. అందులో డాక్టర్ ఆక్టోపస్ మొదట విలన్ కాదండీ, పీటర్, అంటే మన స్పైడర్‌మ్యానే, పనిచేసే ల్యాబ్‌లో పెద్దాయన, గురువు లాంటివాడు. ఇద్దరూ కలిసి చెయ్యి కాలు లేనివాళ్లకి కృత్రిమ అవయవాలు తయారుచేస్తుంటారు. మనకి ఆయన మీద గౌరవం పుట్టాక, ఆయన జబ్బు గురించి తెలిసి జాలి కూడా పడ్డాక, అప్పుడు మెల్లిగా ఆ మనిషి పాడైపోవడం చూపిస్తారు. చివర్లో పీటర్‌ని పెంచిన మే ఆంటీ సీన్ వచ్చినప్పుడు మా అక్క టీ గ్లాసుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, ఆవిడకి గేమంటే పడదు, ఎవర్రా ఆవిడ, బతుకుతుందా అని అడిగింది.

అలాంటిదానికి రెండో భాగం అంటే ఎంత ఎదురుచూసుంటామో మీరే అనుకోండి. 2023 అక్టోబర్ 20, శుక్రవారం, సరిగ్గా దసరా సెలవుల్లో పడింది. అప్పుడది పీఎస్5కి మాత్రమే వచ్చింది, అందుకే గేమ్ కంటే ముందు పీఎస్5 కొన్నాను, 54,990 రూపాయలు, అది ఈఎంఐలో, మా ఆవిడకి ఇప్పటికీ ఆ నంబర్ కంఠస్థం. ద్వారకానగర్‌లో ఒక షాపులో డిస్క్ తీసుకుని రాత్రికి మొదలెట్టాం, ఆదివారం చీకటి పడేసరికి కథ అయిపోయింది. లెక్కేస్తే పదిహేడు, పద్దెనిమిది గంటలు. అయిపోయాక మేనల్లుడు నా వైపు తిరిగి, అంతేనా మావయ్యా అన్నాడు.

చూడ్డానికి వంక పెట్టడానికి లేదు. మ్యాప్ దాదాపు డబుల్ అయింది, భీమిలి, అనకాపల్లి కలిపాక మన విశాఖ పెద్దదైనట్టు అక్కడ న్యూయార్క్‌లో క్వీన్స్, బ్రూక్లిన్ అనే పేటలు కలిపారు, నది మీద రెక్కలు చాపుకుని ఎగిరిపోవచ్చు, మ్యాప్‌లో ఎక్కడ నొక్కితే అక్కడ కన్ను మూసి తెరిచేలోపు దిగిపోతాం, నిజంగా ఆశ్చర్యమే. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, ఇక్కడ పేరూ గొప్పే ఊరూ గొప్పే, కథ దగ్గరే దెబ్బతింది.

పోస్టర్ నిండా వెనమ్ అనే నల్ల రాక్షసుడి బొమ్మే వేసి అమ్మారు, తీరా ఆడితే వాడు పూర్తిగా బయటికొచ్చేది ఆఖరి మూడోవంతులో. వచ్చాక ఒకటే పరుగు, ఊరంతా ఆక్రమించేస్తాడు, కొట్టేస్తాం, అయిపోయింది. మొదటి భాగంలో ఆక్టోపస్‌కి అన్ని గంటలిచ్చిన వాళ్లు వీడికి ఎందుకివ్వలేదో అర్థం కాదు, అది కూడా వెనమ్ అయ్యేది పీటర్ చిన్ననాటి ఫ్రెండ్ హ్యారీయే, ఎంత కథ నడపొచ్చు దాంతో! ఇంకో ఘోరం, పాత గేమ్‌లో చెమటలు పట్టించిన విలన్లున్నారు కదా, షాకర్, వల్చర్, ఎలక్ట్రో, వాళ్లని క్రేవెన్ అనే వేటగాడు చంపేశాడని మాటల్లో చెప్పేసి దులిపేసుకున్నారు. స్కార్పియన్‌కైనా ఒక సీన్ దక్కింది, అదే వాడి అదృష్టం. ఇంక పీటర్ ప్రియురాలు మేరీ జేన్ సంగతైతే, స్పైడర్‌మ్యాన్ పది దెబ్బలు కొడితే గానీ పడని వేటగాళ్లని ఆవిడ చేతిలో షాక్ కొట్టే గన్ పట్టుకుని ఒక్క దెబ్బకి పడేస్తుంది, మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆవిడకే సూట్ ఇచ్చేయొచ్చు కదా మావయ్యా అని.

పాత గేమ్‌లో ఉన్నన్ని గ్యాడ్జెట్లు ఇందులో లేవు. అప్పట్లో కొత్త సూట్ సంపాదిస్తే చాలావాటితో ఒక పవర్ వచ్చేది, ఇప్పుడు సూట్లు అరవై పైనే ఉన్నాయి గానీ రంగు తప్ప ఏమీ మారదు, పెళ్లికి పది పట్టుచీరలు కొన్నట్టు.

అన్నిటికంటే ఒళ్లు మండింది ఇంకోటి. కథ అయిపోయాక సంపాదించిన పవర్లన్నీ ఉంచుకుని మళ్లీ మొదట్నుంచి ఆడుకునే న్యూ గేమ్ ప్లస్ అని ఒకటుంటుంది, అది మొదటి రోజు ఇవ్వలేదు. మొదటి భాగానికీ మొదటి రోజు లేదు, ఒప్పుకుంటాను, కానీ అక్టోబర్‌కే ఇచ్చేశారు. దీనికి 2024 మార్చి దాకా ఆపారు. అంటే మొదటి రోజు లైన్లో నిలబడి పూర్తి రేటుకి కొన్నవాడికి సగం వంట, తీరుబడిగా డిస్కౌంట్‌లో కొన్నవాడికి ఫుల్ మీల్స్. పాత గేమ్‌కి ఆ ఏడాదే మూడు కొత్త కథలు విడతలుగా అమ్మారు, దీనికి అలాంటివి ఒక్కటీ రాలేదు, డబ్బులు పట్టుకుని రెడీగా ఉన్నా సరే.

ఇదంతా రాసి ఒక్కటి రాయకపోతే అన్యాయం అవుతుంది. మొదటి గేమ్‌లో హోవర్డ్ అని రోడ్డు మీద బతికే ముసలాయన ఉంటాడు, పావురాలు పెంచుతాడు, అప్పుడు వాటి వెనక పరిగెత్తి పట్టుకోవాలి, చిరాకు పని. రెండో దాంట్లో ఆయన తన పావురాలకి కొత్త గూడు దొరికేదాకా తీసుకెళ్లమంటాడు, మనం ఊగుతుంటే అవి మనతో పాటే ఎగురుతూ వస్తాయి, గుంపంతా. తిరిగొచ్చేసరికి ఆయన ఉండడు. పట్టుమని పది నిమిషాలు ఉండదు ఆ మిషన్, వెనమ్ గొడవంతా మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు. వాళ్లకి కథ రాయడం చేతకాక కాదన్నమాట, అదే నా కోపం.

ఒక్క రోజులో ఇరవై అయిదు లక్షల కాపీలు అమ్ముడైన గేమండీ ఇది, బయటి దేశాల రివ్యూలు ఆకాశానికెత్తాయి, నాకు నచ్చలేదంటే నాలోనే ఏదో లోపమేమో అని కొన్నాళ్లు అనుకున్నాను కూడా. అందుకే అడుగుతున్నాను, మనవాళ్లు ఎవరైనా ఆడి, మన డబ్బుల లెక్కలో, ఇది పూర్తి రేటుకి కొనాలా ఆరు నెలలు ఆగాలా అని ఆదివారం పేజీలో ఒక మూల రాస్తే ఏం పోతుంది. ఈ గేమ్ చేసిన కంపెనీ వాళ్లే వుల్వరిన్ గేమ్ అని 2021లోనే ప్రకటించారు, మావాడు ఇప్పట్నుంచే డబ్బులు కూడబెడుతున్నాడు.

రాసే మనిషి దొరక్కపోతే చెప్పండి, మావాడున్నాడు. ఇంటర్ పరీక్షలయ్యాకే గానీ ముందు కాదు, మా అక్క ఒప్పుకోదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం.