పద్నాలుగేళ్ల పిల్లకు పైలట్ పత్రమా?

సంపాదకులకు నమస్కారం.

మీ నగర పేజీలో వేసవి శిబిరాల వార్తలు చూస్తున్నాను. ఈత, కరాటే, చిత్రలేఖనం సరసన ఈసారి ‘స్మార్ట్ సేద్యం, డ్రోన్లు’ కూడా చేరాయి. మా తమ్ముడి కూతురు అలాంటి ఒక శిబిరానికి వెళ్లి వచ్చింది. తొమ్మిదో తరగతి పూర్తి చేసిన పిల్ల. ముగింపు రోజున బంగారు రంగు అంచున్న పత్రం ఒకటి చేతికిచ్చారు. దాని మీద ‘జూనియర్ అగ్రి డ్రోన్ పైలట్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇల్లంతా సంబరపడింది, నేనూ మిఠాయి పంచాను. అయినా ఆ పత్రం గురించి, దాని వెనక సాగిన చదువు గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు రాణీగంజ్‌లో పంపుసెట్లు, పైపుల దుకాణం ఉంది. వెనక గదిలో మోటారు వైండింగ్, అంటే కాలిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే పని, చేయిస్తాం. చేవెళ్ల, షాద్‌నగర్, యాచారం, వికారాబాద్ వైపు రైతులు రోజూ మా కౌంటరు ముందు నిలబడతారు. వాళ్ల సేద్యంలో మంచిచెడ్డలు కొంతైనా నా చెవిన పడుతుంటాయి.

ముందు చట్టం సంగతి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవాలి, పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి పొందిన సంస్థలో శిక్షణ తీసుకోవాలి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కూ, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌కూ ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. పిల్లలు నేర్చుకోవడానికి అవి చాలు. పొలంలో మందు కొట్టే డ్రోన్ సంగతి వేరు. ట్యాంకులో పది లీటర్లు పోశామంటేనే పది కిలోలు దాటింది. అది 2 నుంచి 25 కిలోల ‘స్మాల్’ తరగతి కిందికి వస్తుంది. మా పిల్లకు దాని సర్టిఫికెట్ రావాలంటే ఇంకా నాలుగేళ్లు ఆగాలి. శిబిరం కరపత్రంలో ఈ వయసు ప్రస్తావన ఎక్కడా లేదు. అడిగితే, “ప్రోత్సాహం కోసం ఇచ్చే పత్రం అది మేడం” అన్నారు. ప్రోత్సాహమే అనుకుందాం. పద్నాలుగేళ్ల పిల్లలను దేని వైపు ప్రోత్సహించాలన్నదే నా ప్రశ్న.

ఆ రోజు తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. చేవెళ్ల దారిలో ఒక తోట. యాసంగి వరి కోసేసిన మడిలో మోళ్లు తప్ప ఏమీ లేవు. మేమంతా చేరేసరికి పదకొండు దాటింది. అసలు ఆ ఎండలో ఏ రైతూ మందు కొట్టడు, చుక్క ఆకు మీద పడకముందే ఆవిరైపోతుంది. ఆరు రెక్కల డ్రోన్ లేవగానే దుమ్ము మా మొహాలకు కొట్టింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ట్యాంకులో ఉన్నవి ఉత్త నీళ్లే. పక్క మడిలో పాలకూర కోస్తున్న ఒక పెద్దమనిషి కొడవలి చేతపట్టుకునే గట్టు దాకా వచ్చాడు. “సారూ, గాలి మా వైపే వస్తోంది. అందులో మందు ఉందా? ఈ కూర తెల్లారేసరికి మెహిదీపట్నం రైతుబజారులో ఉండాలి” అన్నాడు. శిక్షకుడు నవ్వి, “నీళ్లే పెద్దాయనా, భయపడకు” అని మళ్లీ పిల్లల వైపు తిరిగి, రిమోటులో ఏ మీట దేనికో చెప్పసాగాడు. పెద్దాయన కాసేపు అక్కడే నిలబడి తన మడిలోకి వెళ్లిపోయాడు.

శిబిరం మొత్తంలో అడగదగిన ప్రశ్న ఆయన అడిగాడు. దాన్ని పట్టుకుంటే ఒక పూట పాఠం అయ్యేది. వీపున మోసే తైవాన్ పంపుతో మందు కొడితే ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్‌కు 10 లీటర్లు సరిపోతాయి. ఎకరానికి వేయాల్సిన మందు మాత్రం రెండింటిలోనూ అంతే. కాబట్టి డ్రోన్ నుంచి రాలే చుక్కలో మందు పదిహేను, ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. చుక్క సన్నది, దాన్ని కిందికి తోసేది రెక్కల గాలి. పంటకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ఎగరాల్సింది ఇంకాస్త పైకి లేచినా, పక్కగాలి కాస్త జోరందుకున్నా అది ఎవరి పాలకూర మీద పడుతుందో చెప్పలేం. కలుపు మందైతే పక్కవాడి పంటే మాడిపోతుంది. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు సులువుగా చేయగలరు. వాళ్ల చేత చేయించలేదు.

డ్రోన్ వద్దని నేను అనడం లేదు. వీపున ట్యాంకు మోస్తూ, తాను కొట్టిన మందులోకి తానే నడిచి వెళ్లే కూలీని ఒక్కసారి దగ్గర నుంచి చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. మిరప తోటల్లో ఆ పని చేసి సాయంత్రానికి కళ్లు మండి, అన్నం సయించక పడుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ బాధ తప్పించే యంత్రం రావాల్సిందే.

అయితే ఆ యంత్రాన్ని నేర్పే తీరు ఒకటి ఉంది. కేంద్రం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. 15 వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం, ఖరీదులో 80 శాతం వరకు, 8 లక్షలకు మించకుండా సాయం చేయడం దాని సారాంశం. ఆ పథకంలో ఎంపికైన మహిళకు ఇచ్చే శిక్షణ 15 రోజులు. అందులో ఎగరేయడానికి 5 రోజులు, పొలంలో పోషకాలు, పురుగుమందులు వాడే పద్ధతికి 10 రోజులు. పుట్టినప్పటి నుంచి పొలంలోనే ఉన్న ఆడవాళ్లకే పొలం పని మీద పది రోజులు కావాలనుకున్నారు. పొలం గట్టు ఎక్కని మన నగరం పిల్లలకు ఇంకెన్ని కావాలి? ఈ శిబిరంలో మాత్రం రోజూ పొద్దున సిమ్యులేటరు, సాయంత్రం డ్రోన్. మధ్యలో భోజనం తర్వాత, పిల్లలు కునికే వేళ, మట్టి, నీరు, పంట అన్నీ కలిపి ఒక గంట.

న్యాయంగా ఒక మంచి కూడా చెప్పాలి. మొక్కల ఆరోగ్యాన్ని కెమెరాతో కనిపెట్టే పద్ధతి పిల్లకు బాగా వంటబట్టింది. పచ్చటి ఆకు ఎర్ర వెలుతురును పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుందనీ, ఆ రెండింటి తేడాను బట్టి చేనులో ఏ మూల దిగాలుగా ఉందో తెలుస్తుందనీ రాత్రి అన్నం తింటూ వాళ్ల నాన్నకు చక్కగా వివరించింది. “ఆ మూల ఎందుకు దిగాలుగా ఉంది?” అని అడిగాను. నీళ్లు చాలకా, నత్రజని తగ్గా, పురుగు పట్టా? “అది చెప్పలేదు అత్తా” అంది. అది కెమెరా చెప్పదు. ఆ మూలకు నడిచి వెళ్లి ఆకును వెనక్కి తిప్పి చూడాలి.

ఇక మా వృత్తి సంగతి. తెలంగాణ పల్లెల్లో ఏళ్లుగా వాడుకలో ఉన్న స్మార్ట్ సేద్యం మొబైల్ స్టార్టరు. డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటి నుంచి ఫోను కొడితే బావి దగ్గర మోటారు తిరుగుతుంది. కరెంటు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో, వోల్టేజీ ఎంతో, బోరులో నీళ్లున్నాయో లేదో చూసుకుని ఆపేస్తుంది కూడా. చీకట్లో పాముల మధ్య, తడి చేతులతో స్విచ్చు వేయడానికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ల కథలు మా దుకాణంలో ఎన్ని విన్నానో. శిబిరంలో దీని ప్రస్తావనే రాలేదు. ఇందులోనూ ఆలోచించాల్సిన మలుపు ఉంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలై, అవసరం ఉన్నా లేకున్నా నీళ్లు తోడేస్తుందని, భూగర్భ జలం అడుగంటుతుందని. పనిని తేలిక చేసిన పరికరం నీళ్లను ఎలా ఖర్చు చేస్తుందన్నది పిల్లల చేత వాదించదగిన విషయం. మా మేనకోడలు వాదనలో ఎవరికీ తీసిపోదు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతూ సెలవుల్లో మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒకడు ఉన్నాడు. యాచారం వైపు రైతు బిడ్డ. మా పిల్ల పత్రం చూపిస్తే శ్రద్ధగా చదివి, “మరి ఆ రెక్క మోటారు కాలితే వైండింగ్ ఎవరు చేస్తారు?” అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. రైతు ఎవరో వదిలి వెళ్లిన సబ్‌మెర్సిబుల్ మోటారును ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి విప్పారు. మాడిన వార్నిష్ వాసన గదంతా నిండింది. మూడు ఫేజుల్లో రెండింటి చుట్లు బొగ్గులా నల్లబడ్డాయి, మూడో దాని రాగి తీగ మాత్రం చెక్కుచెదరలేదు. మూడు చుట్ల ఒక్కో కొసను ఒకేచోట కలిపే స్టార్ కనెక్షన్‌లో అలా ఉందంటే నడుస్తుండగా ఒక ఫేజు పోయిందన్నమాట. అన్ని చుట్లూ ఒకే తీరున మాడితే, నీళ్లు లేకుండా ఉత్తినే తిరిగిందేమోనని చూడాలి. డ్రోన్ మోటారులోనూ ఉన్నవి అవే రాగి చుట్లు, వాటి చుట్టూ తిరిగే అయస్కాంతాలు. ఇదంతా విని మా పిల్ల, “ఇది అక్కడ ఎందుకు చెప్పలేదు?” అంది. అదే ప్రశ్న నేను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

నేలలో తేమ చెప్పే సెన్సరు కూడా చూపించారట, పూలకుండీలో గుచ్చి. రెండు లోహపు ముళ్లున్న చవక రకం. విడవకుండా కరెంటు పారితే ఆ ముళ్లు కొద్ది వారాల్లోనే తినేసుకుపోతాయి. ఇసుక పాలు ఎక్కువుండే చెల్క నేలలో చూపే అంకె, నల్లరేగడిలో చూపే అంకె ఒకటి కావు. ఎరువు వేస్తే మళ్లీ మారుతుంది. ఎండిన మట్టిలో ఒకసారి, బాగా తడిపిన మట్టిలో ఒకసారి పెట్టి, ఆ నేలకు తగిన లెక్క కట్టుకోవాలి. వరికైతే బ్యాటరీ అవసరం లేని సాధనం కూడా ఒకటి ఉంది. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు చుట్టూ రంధ్రాలు పెట్టి సగం మడిలో పాతడం. లోపల నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ నీళ్లు పెడితే చాలు. పూత దశలో మాత్రం నీళ్లు నిలవ ఉంచాలి. అలాంటి ముక్కలు మా దుకాణంలో కోతకు మిగిలి కాళ్లకు తగులుతుంటాయి.

శిబిరం నడిపేవాళ్లు తోట అద్దెకు తీసుకోవడం మానేసి రాజేంద్రనగర్ దారి పట్టినా బాగుండేది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ అక్కడే ఉన్నాయి. సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్య పరిశోధన కేంద్రం, పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, కందిలో ఐఐటీ వాళ్లు డ్రోన్లను పరీక్షించే క్షేత్రం. దేశంలో ఇన్ని ఒక్కచోట ఉన్న నగరాలు ఎన్ని? డ్రోన్ ఎక్కడ ఎగరకూడదో నేర్పడానికి కూడా హైదరాబాద్ మంచి ఊరే. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాలు నలువైపులా ఉండగా, డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ పటంలో నిషేధాన్ని తెలిపే ఎరుపు, అనుమతి కావాలనే పసుపు రంగులు ఎంత మేర పరుచుకున్నాయో చూపిస్తే చాలు.

మే నెలలో పొలాలు ఖాళీగా ఉండటం ఒక రకంగా కలిసొచ్చే విషయమే. వానాకాలం పంటకు ముందు మట్టి నమూనాలు తీసే కాలం అది. చేనంతా వంకరటింకరగా నడుస్తూ, ఆంగ్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంటలు తీసి, ఆ మట్టిని కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారబోస్తూ అరకిలోకు తేవాలి. పిల్లలకు ఇష్టమైన పని, రైతుకు పనికొచ్చే పని. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఇలాంటి శిబిరాలను వేసవిలో అక్కడ పెట్టి, ఆ ఊరి ప్రభుత్వ బడి పిల్లలను కూడా కలుపుకుంటే మా కుర్రాడిలాంటివాళ్లు మా పిల్లకు నేర్పుతారు, ఆమె దగ్గర కెమెరా సంగతి నేర్చుకుంటారు. వ్యవసాయ శాఖ, విద్యా శాఖ కలిసి ఆలోచించాలని కోరుతున్నాను.

నిర్వాహకులకు నా వినతి రెండే. వచ్చే ఏడాది కరపత్రంలో 18 ఏళ్ల నిబంధన స్పష్టంగా అచ్చు వేయండి, ఆ పత్రం మీద ‘పైలట్’ అన్న మాట తీసేయండి. విప్పి చూడటానికి కాలిన మోటార్లు, రంధ్రాలు పెట్టుకోవడానికి పైపు ముక్కలు కావాలంటే ఉచితంగా ఇస్తాను. ఎండాకాలంలో మా దుకాణంలో ఆ రెండింటికీ కొరత ఉండదు.

— పంపుసెట్ల దుకాణదారు, రాణీగంజ్, సికింద్రాబాద్