వాక్యాల అమరిక ప్రశ్నల్లో తప్పుడు జవాబు కీలు, తప్పుడు వివరణలపై ఫిర్యాదు

కంటెంట్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ మాక్ (నమూనా) టెస్టుల్లోని పారా జంబుల్స్ ప్రశ్నలను, అంటే తారుమారు చేసిన వాక్యాలను సరైన వరసలో పేర్చే ప్రశ్నలను సరిదిద్దడం, నష్టపోయిన విద్యార్థుల స్కోర్లు మళ్లీ లెక్కించడం గురించి.

అయ్యా/అమ్మా,

మేము హైదరాబాద్, విజయవాడ, నంద్యాలల్లో ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీష్ చెప్పే బోధకులం. మా విద్యార్థుల్లో చాలామంది డబ్బు కట్టి మీ టెస్ట్ సిరీస్ రాస్తున్నారు. అందులో మిగతా ఇంగ్లీష్ ప్రశ్నలతో మాకు పెద్దగా పేచీ లేదు. క్లోజ్ టెస్టులు (పేరాలో ఖాళీలు పూరించేవి) బాగున్నాయి, ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టేది) అసలు పరీక్ష స్థాయికి దగ్గరగానే ఉంది. పారా జంబుల్స్ మాత్రం తప్పులతడకగా ఉన్నాయి. తప్పు కీ ఇచ్చిన ప్రశ్న మార్కులు పోగొట్టడంతో ఆగదు. సరిగ్గా ఆలోచించిన పిల్లవాడికి నీ ఆలోచనే తప్పని చెబుతుంది. వాడు మర్నాటి నుంచి వాక్యాలు చదవడం మానేసి ఆప్షన్లు చూసి ఊహించడం మొదలుపెడతాడు. మా ఆందోళన అదే.

ఒక ప్రశ్న తీసుకుందాం. అందులోని నాలుగు ఇంగ్లీష్ వాక్యాల సారం తెలుగులో ఇది:

ఎ. తర్వాత ఆయన లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు.
బి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు.
సి. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు.
డి. మద్రాసులో వైద్యం చదివాక ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పనిచేశారు.

పూర్తి పేరు ఉన్నది బి ఒక్కదాంట్లోనే, తక్కిన మూడూ 'హీ'తో నడుస్తున్నాయి కాబట్టి బి మొదటిది. 'లేటర్' అనాలంటే అంతకు ముందు ఒక ఉద్యోగమో చోటో ఉండాలి, అందుకని డి తర్వాతే ఎ. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా సి వాక్యం మొదట్లో ఉన్న 'దేర్' దగ్గరుంది. అది హార్వర్డ్‌ను చూపిస్తే బి-డి-సి-ఎ వస్తుంది, లెడర్లీని చూపిస్తే బి-డి-ఎ-సి వస్తుంది. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. మీ ఆప్షన్లలో రెండూ ఉన్నాయి. మీ కీ బి-డి-ఎ-సి అంటోంది. ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు పనిచేసింది హార్వర్డ్‌లో, ఆ పద్ధతి అచ్చయింది 1925లో, ఆయన లెడర్లీలో చేరింది 1940లో. అంటే మీరు ఎంచుకున్న క్రమం చరిత్ర ప్రకారం కూడా తప్పే. పైగా వివరణలో 'దేర్ ఎప్పుడూ చివరగా వచ్చిన స్థలం పేరునే సూచిస్తుంది' అని రాశారు. అది ఏ క్రమం పెట్టినా నిజమయ్యే మాట. ముందు క్రమం తేలితేనే కదా చివరగా వచ్చిన స్థలం ఏదో తెలిసేది!

ఈ ప్రశ్నను బాగుచేయడం ఎంతో తేలిక. సి వాక్యంలో 1925, ఎ వాక్యంలో 1940 చేర్చండి చాలు. అప్పుడు ఫిస్క్ ఎవరో, లెడర్లీ ఎక్కడుందో తెలియని విద్యార్థి కూడా ఒకే జవాబుకు వస్తాడు. పారా జంబుల్ ప్రశ్నకు బయటి జ్ఞానం అవసరం కాకూడదు. క్రమాన్ని నిరూపించే ఆనవాళ్లన్నీ ఆ వాక్యాల్లోనే ఉండాలి.

రెండో లోపం సాఫ్ట్‌వేర్‌ది. ఒక్కో విద్యార్థికి వాక్యాల ముందుండే ఎ, బి, సి, డి అక్షరాలు మారేలా మీ యాప్ వాటిని తారుమారు చేస్తోంది. కాపీ కొట్టకుండా ఉండడానికి అది మంచిదే. ఆప్షన్లూ కీ దానికి తగ్గట్టు మారుతున్నాయి కూడా. వివరణ మాత్రం పాత అక్షరాలతోనే ఉండిపోతోంది. అందువల్ల తెర మీద బి వాక్యం 'హౌఎవర్'తో మొదలవుతుంటే, కింద వివరణలో 'బి సాధారణ విషయం చెబుతోంది కనుక అదే మొదటిది' అని కనిపిస్తోంది. 'హౌఎవర్'తో పేరా మొదలు కాదని క్లాసులో నేర్చుకున్న విద్యార్థి ఇది చదివి ఏమనుకోవాలి? వివరణల్లో అక్షరాలు వాడడం మానేసి, 'హౌఎవర్ ఉన్న వాక్యం', 'కమిటీ పేరు ఉన్న వాక్యం' అని రాయిస్తే ఈ తప్పుకు తావే ఉండదు.

ఇక మీ టిప్స్ వీడియో. అందులో చెప్పిన మూడు సూత్రాలు విద్యార్థుల నోట మంత్రాల్లా వినిపిస్తున్నాయి. మూడూ నిలబడేవి కావు.

'ద'తో మొదలైన వాక్యం మొదటిది కాలేదన్నారు. ద సుప్రీం కోర్ట్, ద మాన్‌సూన్, ద ఇండియన్ కాన్‌స్టిట్యూషన్ లాంటివి అందరికీ తెలిసిన ఒకే ఒక్కటి కాబట్టి వాటితో పేరా చక్కగా మొదలవుతుంది. ఆనవాలు పనికొచ్చేది మామూలు నామవాచకం దగ్గరే. ఒక వాక్యంలో 'ఎ విలేజర్', ఇంకో వాక్యంలో 'ద విలేజర్' ఉంటే మొదటిది ముందు రావాలి. 'ఇట్'తో మొదలైనదీ మొదటిది కాలేదన్నారు. 'ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్' అని మొదలైతే ఆ 'ఇట్' దేనికీ బదులుగా వచ్చింది కాదు, కాబట్టి అది మొదటి వాక్యమయ్యే అవకాశమే ఎక్కువ.

మూడోది మరీ నష్టం చేస్తోంది: చిన్న సంవత్సరం ఉన్న వాక్యం ముందు పెట్టమన్నారు. గోదావరి డెల్టా మీద ఒక పేరా అనుకోండి. డెల్టా ఇవాళ అన్నపూర్ణ అని ఒక వాక్యం. 1830ల్లో అలా ఉండేది కాదు, కరువులు పీడించేవి అని ఇంకొకటి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించాడని మూడోది. పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని నాలుగోది. మీ సూత్రం ప్రకారం 1830ల వాక్యం మొదటికి వస్తుంది. కానీ 'అలా ఉండేది కాదు' అన్నప్పుడు ఎలా ఉండేది కాదో ముందే చెప్పి ఉండాలి. సంవత్సరాల వరస కంటే ఇలా వెనక్కి చూపే మాటలకే బలం ఎక్కువ. దిస్, దీస్, సచ్, ద లాటర్, అనదర్, ఆల్సో, దస్, యెట్ అన్నీ అంతే. ముందు వీటితో విడదీయలేని జంటలు కట్టాలి, తర్వాతే కాలక్రమం చూడాలి.

మార్కుల కోతలోనూ తప్పులున్నాయి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ స్థాయి ఉద్యోగ పరీక్ష) టైర్-1లో, అంటే మొదటి దశలో, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. దీన్ని మీరు సరిగ్గానే పెట్టారు. టైర్-2 ఇంగ్లీష్‌లో ప్రశ్నకు 3, తప్పుకు 1 కోత. మీ మాక్ 0.75 మాత్రమే కోస్తోంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో ఆప్షన్లు లేకుండా క్రమాన్ని టైపు చేసే ప్రశ్నలకు తప్పయినా కోత లేదు. మీరు అక్కడ 1 కోస్తున్నారు. దాంతో పిల్లలు ధైర్యంగా రాయాల్సిన ప్రశ్నను వదిలేయడానికి అలవాటు పడుతున్నారు.

బ్యాంకు మాక్‌లో కీ తప్పితే జరిగే నష్టం ఇంకా పెద్దది. ఐదు వాక్యాలిచ్చి మొదటిది ఏది, మూడోది ఏది, చివరిది ఏది అంటూ ఐదు ప్రశ్నలు అడుగుతారు. ఐదింటికీ ఆధారం ఒక్కటే క్రమం. ఆ క్రమం మొత్తంగా తప్పితే సరైన జవాబులు పెట్టిన విద్యార్థికి రావాల్సిన 5 పోయి, ఇంకో 1.25 కోత పడుతుంది. మొత్తం తేడా 6.25 మార్కులు. కటాఫ్ దగ్గర అర మార్కు కోసం కొట్టుకునే పరీక్షలో ఇది మామూలు తేడా కాదు. ఆ స్కోరు చూసి ఇంగ్లీష్‌లో వెనకబడ్డాననుకుని, మళ్లీ గ్రామర్ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టే పిల్లలున్నారు.

ఈ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో మాకు అర్థమవుతోంది. పత్రికల సంపాదకీయాల నుంచి ఒక పేరా కత్తిరించి, వాక్యాలను తారుమారు చేసి, పత్రికలో ఉన్న వరసనే కీ అంటున్నారు. రచయిత రాసిన వరస ఒక్కటే సాధ్యమైన వరస కానక్కర్లేదు. పత్రికలో అంతకు ముందు పేరాలో పరిచయమైన 'ద కమిటీ' మీ ప్రశ్నలో తలాతోకా లేకుండా వస్తోంది. నాలుగు వాక్యాలను 24 రకాలుగా, ఐదింటిని 120 రకాలుగా పేర్చవచ్చు. అందులో ఒక్కటే నిలబడేలా చూడటం ప్రశ్న తయారుచేసేవారి పని.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నాలుగు వాక్యాలకు అతుకులు (ఒక వాక్యం తర్వాతి దానితో కలిసే చోట్లు) మూడు. ఒక్కో అతుకుకూ ఆధారమైన మాట ఏదో ప్రశ్న పక్కనే రాయించండి. ఆధారం దొరకని అతుకు ఉంటే ఒక సర్వనామమో సంవత్సరమో చేర్చి బిగించండి. తర్వాత పక్కపక్క వాక్యాలను ఒక్కో జంటగా అటూ ఇటూ మార్చి చదవండి. మార్చినా పేరా సాఫీగా నడిచిందంటే ప్రశ్న పనికిరాదు. చివరగా, అసలు పేరా చూడని ఇద్దరితో ఆప్షన్లు ఇవ్వకుండా చేయించండి. ఇద్దరి క్రమాలూ కలవకపోతే దాన్ని యాప్‌లో పెట్టకండి. ఆప్షన్లు కూర్చేటప్పుడు కూడా సరైన మొదటి వాక్యం కనీసం రెండు ఆప్షన్లలో మొదట ఉండాలి. మీ మాక్‌లలో చాలాచోట్ల అది ఒక్క ఆప్షన్‌లోనే ఉండటంతో మిగతా వాక్యాలు చదవకుండానే జవాబు తేలిపోతోంది.

విద్యార్థులు ఈ తప్పులు మీ దృష్టికి తేలేదనుకోకండి. రిపోర్ట్ బటన్ నొక్కిన వాళ్లకు 'జవాబు సరైనదే, టికెట్ ముగించాం' అన్న ఒకే సందేశం వస్తోంది. ఏ అతుకుకు ఏ ఆధారమో అడిగినా అదే సందేశం.

మేము కోరేవి ఇవి. జతచేసిన పట్టికలోని ప్రశ్నలను వెంటనే పక్కన పెట్టి, ఇప్పటికే రాసిన వారి స్కోర్లు, ర్యాంకులు మళ్లీ లెక్కించి, మార్పు జరిగిన ప్రతి ఒక్కరికీ యాప్‌లో తెలియజేయండి. టిప్స్ వీడియోను తీసేయండి. టైర్-2, క్యాట్ మాక్‌లలో కోతలను సరిచేయండి. వివరణల్లో అక్షరాల గందరగోళాన్ని తొలగించండి. సరిదిద్దిన టెస్టులు వచ్చేవరకు ఎన్ని రోజులు పడితే చందాదారుల గడువును అన్ని రోజులు పొడిగించండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, చందా కట్టిన విద్యార్థుల తరఫున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయిస్తాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కమిషన్‌కు వెళ్లడానికి కూడా సిద్ధంగా ఉన్నాం.

పట్టికలో మాక్ సంఖ్య, ప్రశ్న సంఖ్య, మీ కీ, సాధ్యమైన ఇతర క్రమం, తెగిన అతుకు, దిద్దుబాటు అనే గడులున్నాయి. దిద్దుబాటు గడిలో మార్చాల్సిన ఇంగ్లీష్ మాటలు కూడా రాసిపెట్టాం. మీ ప్రశ్నలు తయారుచేసే వారితో కూర్చుని ఒక్కొక్కటీ చూడటానికి మేము సిద్ధం, దానికి రుసుమేమీ అడగం.

ఇట్లు,
పోటీ పరీక్షల ఇంగ్లీష్ బోధకులు

జత: తప్పులున్న ప్రశ్నల పట్టిక, తెర చిత్రాలు