పిల్లల వాదనకు మార్కులు వేయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

దేవరకొండలో నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. కుల, ఆదాయ సర్టిఫికెట్ల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, జిరాక్సులు, కలర్ ప్రింట్లు, ఇదీ నా పని. మా అమ్మాయి ఇక్కడి సర్కారు హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ఈమధ్య ఒక సంస్థ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో డిబేట్ పోటీలు పెట్టింది. మా అమ్మాయీ, చందంపేట వైపు తండా నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న దాని స్నేహితురాలూ ఒక జట్టుగా పేర్లిచ్చారు. పోటీ మొత్తం మా సెంటర్ వెనక గదిలో కూర్చునే ఆడారు. దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి పోటీలు నల్లగొండ, ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల సర్కారు బడి పిల్లలకు, వాళ్లకు నోరు తిరిగే భాషలో, మనమే పెట్టాలని నా కోరిక.

మన బళ్లలో ఉపన్యాస పోటీలు కొత్త కాదు. పంద్రాగస్టుకు, జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు పెడుతూనే ఉంటారు. వాటిలో ఏం జరుగుతుందో తల్లిదండ్రులందరికీ తెలుసు. సారో మేడమో రెండు పేజీలు రాసిస్తారు. పిల్ల దాన్ని బట్టీ పడుతుంది. స్టేజీ ఎక్కి "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, న్యాయనిర్ణేతలకు" అంటూ గుక్క తిప్పుకోకుండా అందుకుంటుంది. నడుమ ఒక్క ముక్క జారిపోయిందా, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది, లేదంటే కళ్లనీళ్లు పెట్టుకుని దిగిపోతుంది. ఇంటికొచ్చాక అదే పిల్ల టీవీ రిమోట్ కోసం తమ్ముడితో అరగంట వాదిస్తుంది, పాయింటు మీద పాయింటు తీస్తుంది. మాట్లాడటం దానికి బాగా వచ్చు. స్టేజీ మీద చెప్పమన్న మాటలే దానివి కావు.

డిబేట్‌లో బట్టీ నడవదు. నేను చూసిన పద్ధతిలో జట్టుకు ఇద్దరు. ఒక జట్టు అవునంటే ఇంకో జట్టు కాదనాలి. ఎవరు ఏ వైపో టాస్ వేసి తేలుస్తారు. మొదట చెరో నాలుగు నిమిషాలు మాట్లాడాక, మూడు నిమిషాల పాటు ఒకరినొకరు ప్రశ్నలు అడగాలి. నన్నడిగితే అసలు పోటీ ఆ మూడు నిమిషాల్లోనే ఉంది. ఎదుటి పిల్ల ఏం అడుగుతుందో ముందే ఎవరూ రాసివ్వలేరు. చెవి పెట్టి వినకపోతే అడగడానికి ప్రశ్న దొరకదు, చెప్పడానికి జవాబు దొరకదు. మా పిల్లలిద్దరూ నోటుబుక్కు పేజీకి నడుమ నిలువు గీత గీసి, ఒక పక్క ఎదుటివాళ్ల పాయింట్లు, ఇంకో పక్క తమ జవాబులు రాసుకుంటూ కూర్చున్నారు. మా అమ్మాయి అంత శ్రద్ధగా ఏదైనా వినడం నేను అంతకు ముందు చూడలేదు.

ఈ పద్ధతి పేరు పబ్లిక్ ఫోరం. అమెరికా స్కూళ్ల పోటీల్లో 2002లో మొదలైంది. ఏ శిక్షణా లేని మామూలు మనిషి కూర్చుని విన్నా ఎవరి వాదన బాగుందో చెప్పగలిగేలా ఉండాలన్నది దీన్ని తెచ్చినవాళ్ల ఉద్దేశం. అక్కడ ఈ పోటీలు నడిపే నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ 1925 నాటిది. 2020లో కరోనా వచ్చినప్పుడు వాళ్లు జాతీయ పోటీలను మానేయకుండా ఆన్‌లైన్‌కు మార్చారు. మన దేశం పిల్లలు ఎవరికీ తీసిపోరు. 2019లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ పాఠశాలల డిబేట్ పోటీల్లో గెలిచింది భారత జట్టే. అలాంటి జట్టు దాకా దేవరకొండ పిల్ల, అచ్చంపేట పిల్ల, మక్తల్ పిల్ల వెళ్లాలంటే మొదటి మెట్టు ఎక్కడుంది?

మా పిల్లలకు వచ్చిన అంశం "జంతు ప్రదర్శనశాలలు మూసేయాలి". ఇద్దరికీ మనసులో మూసేయాలనే ఉంది. పులిని బోనులో పెట్టడం పాపమని మా అమ్మాయి నమ్మకం. టాస్‌లో మాత్రం మూయకూడదని వాదించే వైపు వచ్చింది. ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. హైదరాబాద్‌లో నెహ్రూ జూ పార్కును మా అమ్మాయి స్కూలు టూర్‌లో చూసింది. తండా పిల్ల జూ అన్నదే ఎరగదు. కాసేపు అలాగే కూర్చుని, ఆ పిల్ల నన్ను అడిగింది: "అంకుల్, మా తండాల కోతులు ఇంట్లకొచ్చి అన్నం గిన్నె ఎత్తుకపోతయి. అడవిల తినడానికి ఏం లేకనే వస్తున్నయని మా నాయన అంటడు. బోను తెరిస్తే పులి గూడ అంతే గద? అడవి లేకపోతే యాడికి పోతది? ఈ మాట చెప్పొచ్చా?"

చెప్పమ్మా, అదే చెప్పు అన్నాను.

ఎదుటి జట్టు హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేటు స్కూలు పిల్లలు. బాగా తయారై వచ్చారు, బోలెడు సమాచారం తెచ్చుకున్నారు. ప్రశ్నల వంతు వచ్చినప్పుడు తండా పిల్ల ఒక్కటే అడిగింది. జూలన్నీ మూస్తే ఆ జంతువులను ఏ అడవిలో వదులుతారు, ఆ అడవి పక్కన ఉండే ఊళ్లవాళ్లను అడిగారా? ఎదుటి బాబు ఒక క్షణం ఆగి, అది మేం ఆలోచించలేదు అని ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకోవడం ఎంతమంది పెద్దలకు చేతనవుతుంది? మర్నాడు అదే అంశం మీద వీళ్లకు మూసేయాలనే వైపు వచ్చింది. నిన్న తాము అడిగిన ప్రశ్నకే ఇవాళ తాము జవాబు వెతుక్కోవాలి. వెతుక్కున్నారు కూడా. ఒక్కసారే మూయకుండా, కొత్త జంతువులను తేవడం ఆపి, ఉన్నవాటిని చివరిదాకా సాకాలి అన్నారు. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కానీ మొదటి రోజు రౌండ్ పోయింది. జడ్జి పంపిన కాగితంలో విషయం బాగుందనీ, ధారాళంగా మాట్లాడటం, ఉచ్చారణ మెరుగుపడాలనీ ఉంది. ఆ జడ్జి మీద నాకు కోపం లేదు. నిర్వాహకులు ఇచ్చిన మార్కుల పట్టికే అలా ఉంది, వాదనకు ఎన్ని మార్కులో భాషకూ అన్నే. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు బడికొచ్చాక బాగా పట్టుబడింది. పోటీలో మాట్లాడాల్సింది ఇంగ్లిష్‌లో. మూడో భాషలో కూడబలుక్కుని అంత మంచి ప్రశ్న అడిగిన పిల్లకు ఉచ్చారణ దగ్గర మార్కులు కోశారు. సాయంత్రం హాస్టల్ దగ్గర దించుతుంటే "తెలుగులైతే ఇంకా మస్తు చెప్తుంటి అంకుల్" అంది.

ఇంగ్లిష్‌కు నేను వ్యతిరేకిని కాను. ఉద్యోగాల దరఖాస్తులు నింపించుకోవడానికి నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలను రోజూ చూస్తాను, ఇంగ్లిష్ రాకపోతే ఏం పోతుందో నాకు తెలుసు. అయితే 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వమే ఒక మంచి పని చేసింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో అచ్చువేసింది. పిల్లలకు అర్థం కావడం ముఖ్యమని అందరూ ఒప్పుకున్నట్టే కదా. చదవడానికి రెండు భాషలు ఇచ్చినప్పుడు, వాదించడానికి ఒకటే ఎందుకు? తెలుగులో, ఇంగ్లిష్‌లో, రెండూ కలిపి, ఎలా వస్తే అలా మాట్లాడనివ్వండి. లంబాడీలోనో ఉర్దూలోనో ఒక మాట దొర్లితే దొర్లనివ్వండి. మార్కులు మాత్రం చెప్పిన కారణానికీ, విన్న తీరుకూ, ఇచ్చిన జవాబుకూ వేయండి.

ఆన్‌లైన్‌లోనే ఎందుకని అడిగేవాళ్లున్నారు. చందంపేట తండా పిల్ల హైదరాబాద్ పోటీకి వెళ్లాలంటే బస్సు చార్జీలు, తోడుగా ఒక టీచర్, రాత్రి ఉండటానికి చోటు కావాలి. ఆడపిల్లను అంత దూరం పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. ఇక్కడైతే హెచ్‌ఎం గారి లెటర్, వార్డెన్ గారి అనుమతితో పని జరిగిపోయింది.

అయితే ఆన్‌లైన్ బాధలు ఆన్‌లైన్‌కున్నాయి. నా వృత్తి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకే గదిలో రెండు కంప్యూటర్ల మైకులు ఆన్‌లో ఉంటే ఒకదాని శబ్దం ఇంకోదాంట్లో పడి చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. ఇద్దరికీ చెరో హెడ్‌సెట్ పెట్టి, మాట్లాడని పిల్ల మైకు మ్యూట్‌లో ఉంచితే సర్దుకుంటుంది. కరెంటు సంగతి అంత తేలిక కాదు. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడిచినా, వీధి చివర కేబుల్ వాళ్ల పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదు. మాకు ఒక రౌండ్‌లో అదే జరిగింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ లోపలికి వెళ్లేసరికి గడువు దాటిపోయింది. నిబంధన ప్రకారం రౌండ్ ఎదుటి జట్టుకు వెళ్లింది. వాళ్లకు కరెంటు పోయినట్టుంది, ఆగుదాం సార్ అని ఎదుటి పిల్లలే చాట్‌లో రాశారట, తర్వాత తెలిసింది. పిల్లలకున్న ఆ న్యాయబుద్ధి నిబంధనల్లోనూ ఉండాలి. నెట్ పోయిన జట్టుకు పావుగంట ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే జడ్జికి ఫోన్ చేసి మిగతా ప్రసంగం చెప్పుకోనివ్వాలి. కెమెరా తప్పనిసరి అనకూడదు, నెట్ బలహీనంగా ఉన్నప్పుడు కెమెరా ఆపితేనే మాట తెగకుండా వినిపిస్తుంది. ఎంట్రీ ఫీజు అసలే ఉండకూడదు.

అంశాలు కూడా మన నేల మీద నుంచి తీసుకుంటే పిల్లల దగ్గర చెప్పడానికి ఎంత ఉంటుందో చూడండి. కొత్త బోర్లు వేయడం ఆపాలా అని అడగండి. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 వాల్టా చట్టం ఏం చెబుతోందో సార్లు వివరిస్తారు. బోరు బండి ఇంటి ముందుకొచ్చిన రోజు అమ్మానాన్నల టెన్షన్ ఎలా ఉంటుందో, నీళ్లు పడకపోతే అప్పు ఎవరి దగ్గర చేస్తారో పిల్లలే చెబుతారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లోనే ఉంది. పులి కోసం అడవిలోని ఊళ్లను బయటికి తరలించాలా వద్దా? నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. ఆ రోజు సభలో కూర్చుని ఉంటే నువ్వేం మాట్లాడేదానివి? పాలమూరు నుంచి వలస పోయే కూలీల పిల్లలు తల్లిదండ్రులతో వెళ్లాలా, సీజనల్ హాస్టల్లో ఉండి చదువుకోవాలా? ఈ చివరి ప్రశ్నకు రెండు వైపులా కన్నీళ్లున్నాయి. అయినా ఆ పిల్లలే దాని మీద మాట్లాడాలని నేను కోరుకుంటాను.

జడ్జీలు దొరకరన్న మాట నేను ఒప్పుకోను. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, ఆర్టీసీ కండక్టర్లు, శ్రద్ధగా వినే ఎవరైనా చాలు. నల్లగొండ పిల్లలకు పాలమూరు వాళ్లు, పాలమూరు పిల్లలకు నల్లగొండ వాళ్లు మార్కులు వేస్తే మొహమాటాలూ ఉండవు.

చిన్న పిల్లలకు వాదన నేర్పితే పెద్దలకు ఎదురు చెబుతారని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మాయి ఇప్పుడు వద్దంటే అలగడం లేదు. ఎందుకు వద్దో అడుగుతోంది, నేను కారణం చెబితే వింటోంది. నాకైతే ఇదే బాగుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో వక్తృత్వ పోటీల విజేతల ఫొటోలు తరచూ వేస్తారు, సంతోషం. బహుమతులు ఇచ్చిన అతిథుల పేర్లన్నీ ఉంటాయి. ఆ పిల్ల ఏం మాట్లాడి గెలిచిందో ఒక్క వాక్యం కూడా ఉండదు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబిచ్చారు. ఆధారం చూపి వాదించడమంటే అదే కదా. అది ఒక పత్రికా సంపాదకుడు చేసిన పని కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాను. పోటీ జరిగినప్పుడల్లా గెలిచిన పిల్ల వాదనలో నాలుగు వాక్యాలు, ఓడిన పిల్ల అడిగిన మంచి ప్రశ్న ఒకటి అచ్చువేయండి.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో జిల్లా గ్రంథాలయ సంస్థలు, విద్యాశాఖ కలిసి ఈ రెండు జిల్లాల ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఆన్‌లైన్ డిబేట్ పెట్టాలని కోరుతున్నాను. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బళ్లు ల్యాబ్ తెరిస్తే చాలు. లేని బళ్ల పిల్లలు దేవరకొండ చుట్టుపక్కల వాళ్లయితే మా సెంటర్‌కు రావచ్చు. రెండు కంప్యూటర్లు, హెడ్‌సెట్లు, ఇన్వర్టర్, వెనక గది ఆ రోజులకు ఉచితంగా ఇస్తాను. కొండమల్లేపల్లి, హాలియా, అచ్చంపేట, కల్వకుర్తిలలో సెంటర్లు నడిపే మిత్రులను కూడా అడుగుతున్నాను, మీ ఊళ్లో ఒక గది ఇవ్వండి. పోటీకి ముందు రోజు సాయంత్రం వచ్చి మైకులు, నెట్ సరిచూసి పెట్టమన్నా వస్తాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా