రేయ్ మామా, దొరువు సంగతి

రేయ్ మామా,

ముందు ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, తర్వాత చదువు. నువ్వు మెసేజ్ పెట్టి నెలన్నర అయింది, జవాబు ఇవ్వకపోవటం తప్పే. రోజూ రాద్దామనుకోటం, సైట్ నుంచి వచ్చేసరికి కళ్లు మూసుకుపోటం, ఇదే వరస. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు, కానీ ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, నువ్వు డ్యూటీలో ఉండి ఊ ఊ అంటావు, నాకేమో కడుపులోది మొత్తం చెప్పినట్టుండదు. అందుకే సైట్ షెడ్డులో కూచోని టైప్ చేస్తన్నా.

ఇంట్లో అందరం బానే ఉన్నాం. అమ్మ మోకాళ్లకి ఒంగోల్లో చూపించాం, పర్లేదు. పోయిన ఆదివారం మీ ఇంటికి పోయొచ్చా, మీ అమ్మ కొరమేను పులుసు పెట్టింది, బీపీ మాత్రలు సరిగ్గానే వేసుకుంటంది, నువ్వేం దిగులు పెట్టుకోమాక.

ఇంక అసలు సంగతి. సరుగుడు తోపు దాటాక బీచ్ పక్కన టెంట్లు వేసుకునే గ్రౌండ్ ఉంది చూడు, మనం కార్తీక మాసంలో వనభోజనాలకి పొయ్యేవాళ్లం, దాన్ని బాగు చేసే పని మా కాంట్రాక్టర్‌కి వచ్చింది, సూపర్‌వైజర్‌ని నేనే. టెంట్లకి ఎత్తుగా గట్లు, బాత్రూములు, వంట షెడ్డు, మంచినీళ్ల కుళాయిలు, పార్కింగ్. అన్నిటికంటే పార్కింగే పెద్ద తలనొప్పి అక్కడ, పౌర్ణమి స్నానాలకి జనం వస్తే కార్లు ఇసకలో చక్రం లోతు దిగబడటం, ట్రాక్టర్ పెట్టి లాగించటం, నువ్వు చూసినోడివేగా. ఈసారి కార్తీక పౌర్ణమికి అంతా రెడీ కావాలన్నారు.

కాంక్రీట్ పనిలో మాత్రం ఎవర్నీ నమ్మలేదు మామా. ఉప్పు గాలి కదా, మామూలుగా పోస్తే నాలుగేళ్లకి రాడ్డు ఉబ్బి పెచ్చులు ఊడిపోద్ది. ఇట్టాంటి చోట ఎం30 రకం గట్టి కాంక్రీట్ ఉండాల, రాడ్డు చుట్టూ 45 ఎంఎం కాంక్రీట్ కవర్ ఉండాలని ఐఎస్ 456 కోడ్‌లో రాసుంది, టేపు పెట్టి కొలిచి మరీ పోయించా. ఒక ట్రాక్టర్ అతను బీచ్ ఇసకే తెచ్చి దింపబోతే వెనక్కి పంపేశా. సరే అది పక్కన పెట్టు, దొరువు, అదే ఇసకలో తవ్వుకునే మంచినీళ్ల గుంట, దాని దగ్గరికి వస్తా.

నీళ్లకి ప్లాన్‌లో బోరు ఉంది. 120 అడుగులు వేశారు. మోటారు ఆన్ చేస్తే పైపు నిండా ఎంత తెల్లగా వచ్చాయో, కూలోళ్లందరూ చప్పట్లు కొట్టారు. దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నా, ఉప్పు. చెయ్యి కడుక్కుందామని సబ్బు రుద్దితే నురగ లేదు, జిడ్డుగా పేరుకుంటంది. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 2000 దాటేసింది, తాగే నీళ్లకి అదే ఆఖరి హద్దు కదా. ఆ రోజు అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

రెండ్రోజుల తర్వాత పార్కింగ్ చదును చేయటానికి జేసీబీ వచ్చింది. ఆ చోట ఇసకలో పెద్ద గుంట ఉంది, గరాటు మాదిరి పైన వెడల్పు కింద ఇరుకు, అంచున గడ్డి, అడుగున పచ్చటి నీళ్లు. ప్లాన్‌లో దాన్ని "గుంట, పూడ్చవలెను" అని రాశారు. నేనూ గుంటే అనుకున్నా మామా, నిజం చెప్తన్నా, ఎన్ని సార్లు దాని పక్కన నడిచానో. ఒక బకెట్ రాళ్లూ ఇటకముక్కలూ పోశాడో లేదో ఒక అవ్వ వేరుశనగ చేలోంచి పరిగెత్తుకుంటా వచ్చి, ఒడ్డున కూచోటం కాదు రా, ఇసకలో కోసిన మెట్ల మీదగా అడుక్కి దిగిపోయి నీళ్లలో నిలబడింది. ఆపరేటర్ ఇంజన్ ఆపేశాడు.

నేను దిగి "అవ్వా పైకి రా, జారుద్ది" అన్నా. ఆమె పలకలేదు. ముంతతో పై పొరంతా పక్కకి నెట్టి, ముంచి నా చేతికిచ్చింది. "తాగబ్బయా" అంది. తాగా. మామా, తియ్యటి నీళ్లు! సముద్రం అలల చప్పుడు వినపడేంత దగ్గర, ఎనిమిది అడుగుల లోతు కూడా లేదు, నేను 120 అడుగులు పోయి ఉప్పు తెచ్చా. ఆ ముంత చేతిలో పట్టుకోని అట్టానే నిలబడిపోయా.

అప్పుడు గుర్తొచ్చింది మీ నాయన. పొగాకు నారుకి కావిడి భుజాన ఏసుకోని దొరువులోకి దిగటం, రెండు కుండలూ ఒకేసారి ముంచటం, ఎక్కి మడుల వెంట నడుస్తా నారు విరగకుండా సన్నగా పోయటం. తెల్లారుజామున మనం చలికి వణుకుతా చూసేవాళ్లం. ఆ దొరువే ఇది అని అననులే, మీది ఇంకా పైన ఉండేది, కానీ ఇదీ అట్టాంటి దొరువే. మనం దాంట్లో ఈత కొట్టి తన్నులు తిన్నాం, ఇప్పుడు నేను దాన్ని గుంట అనుకోని రాళ్లు పోయించా.

జేసీబీని ఆపేశా. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే, పార్కింగ్ తగ్గితే బిల్లు తగ్గుద్ది అన్నాడు. ఆఫీసు వాళ్లు ప్లాన్ మార్చం అన్నారు. నాలుగు రోజులు తిరిగా. చివరికి మీటర్ పట్టుకోని ఇంజనీరు గారిని సైట్‌కే తీసుకొచ్చా, బోరు నీళ్లు ఒక గ్లాసు, దొరువు నీళ్లు ఒక గ్లాసు పెట్టా. రెండూ తాగాడు. ఏం మాట్లాడలేదు, ప్లాన్ కాయితం బండి బానెట్ మీద పరిచి పెన్ను తీశాడు.

60 కార్ల పార్కింగ్ 52 అయింది. దొరువు చుట్టూ సరుగుడు గుంజలతో దడి కట్టాం, బండ్లు ఆ పక్కకి రాకుండా. బాత్రూముల మురుగు ట్యాంకు ప్లాన్‌లో దొరువుకి ఎగువన ఉండేది, నేల కింద నీళ్లు సముద్రం వైపే నడుస్తాయి కాబట్టి దాన్ని దిగువకి జరిపాం. పార్కింగ్ మొత్తం కాంక్రీట్ వేద్దామన్నదాన్ని మార్చి, కంకర పరిచి పైన బొక్కలున్న పేవర్ ఇటుకలు వేశాం, కారూ దిగబడదు, వాన నీళ్లూ కిందకి పోతాయి. ఆ వానే కదా దొరువుకి తిండి. వాన నీళ్లు ఇసకలోకి దిగి, తేలిక కాబట్టి ఉప్పు నీళ్ల మీద మీగడ మాదిరి తేలతాయంట. సముద్ర మట్టం కంటే ఒక్క అడుగు ఎత్తున మంచినీళ్లు నిలబడితే దాని కింద దాదాపు 40 అడుగులు మంచినీళ్లే ఉంటాయని లెక్క. అంటే పైన ఒక్క అడుగు లాగేశామా, కింద నుంచి ఉప్పు 40 అడుగులు లేచొస్తది.

ఈ లెక్క నాకు ముందు తెలిస్తే బాగుండేది. అవ్వ చెప్పింది, "కుండతో తోడుకో అబ్బయా, మోటారు పెట్టమాక" అని. నేను రెండు హెచ్‌పీ మోటారు పెట్టా. టెస్ట్ కదా అని రోజుకి ఐదు గంటలు తోలా. నాలుగో రోజు పొద్దున అవ్వ ముంతెడు తాగి ఊసేసింది. నన్నేం అనలేదు, చేలోకి పోయింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర లేదు మామా. పూడ్చకుండా కాపాడా అని ఊరంతా చెప్పుకున్నా, నేనే పాడు చేశా అనిపించింది.

మోటారు పీకేశాం. బాపట్లలో ఉప్పు నీళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు దొరువుని మెరుగు చేసే పద్ధతి ఒకటి ఎప్పుడో తయారు చేశారు, దాని గురించి తెలుసుకోని అట్టానే చేశాం. నీటి మట్టం దగ్గరే అడ్డంగా కాలవ తవ్వి, బొక్కలున్న పీవీసీ పైపులకి నైలాన్ జాలీ చుట్టి పడుకోబెట్టాం, అవన్నీ ఒక వరల బావిలోకి వస్తాయి. లోతుకి పోకుండా వెడల్పున పై మీగడ ఒక్కటే తీసుకోటం అన్నమాట. ఇప్పుడు అర హెచ్‌పీ మోటారు, పొద్దున గంట, సాయంత్రం గంట, అంతే. పద్దెనిమిది రోజులకి రుచి మళ్లీ తిరిగింది. అవ్వ తాగి తల ఊపింది, ఆ ఊపు కోసం ఎన్ని రోజులు ఎదురు చూశానో.

ఇంకో మాట, అసలు దీనికోసమే ఇయ్యాళ కూచుంది. అవ్వ కావిడి బద్ద విరిగింది. మీ నాయనది మీ అటక మీద ఉంది, వెదురు ఇంకా గట్టిగానే ఉంది, మీ అమ్మని అడిగితే "వాడు ఒప్పుకుంటే తీసుకుపో" అంది. నువ్వు ఊ అంటే తెస్తా, లేదంటే నేనేమీ అనుకోను, అది మీ నాయన వస్తువు, నాకు తెలుసు.

సాయంత్రం నుంచి మబ్బు పట్టుంది. దొరువులో ఒక గుంజకి అంగుళాల గీతలు పెట్టా, నిన్న పదకొండో గీత దగ్గర ఉంది. ఇప్పుడే వాన మొదలైంది, రేకుల మీద ధన ధన ఒకటే మోత, ఇది పెద్ద వానే మామా, పేవర్ల మీద నీళ్లు నిలుస్తాయో దిగుతాయో చూడాల, టార్చి తీసుకోని గీత కూడా… వాచ్‌మన్ పిలుస్తన్నాడు, పార్కింగ్‌లోకి రమ్మని. పోతన్నా. కావిడి సంగతి వెంటనే చెప్పు.