హెచ్‌ఐవీ పాఠం తరగతిలో అందరికీ అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కల ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 13 లక్షల మందికి కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. వీరిలో యువత తక్కువేం లేరు. అయినా దీని గురించి చాలాచోట్ల పిల్లలకు అందేది సైన్సు పుస్తకంలో ఒక పేరా, ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబర్ 1న ఒక ర్యాలీ. వ్యాపించే మార్గాలను బట్టీ పట్టించి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "ఇది మీరే చదువుకోండి" అని పేజీ తిప్పేయడం మామూలైపోయింది. కొన్ని బడుల్లో ఆడపిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి చెబుతారు, మగపిల్లలను ఆటలకు పంపేస్తారు. కండోమ్ వాడాల్సింది ఎవరో మరి!

ఈ పాఠం చెప్పేవాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుని ఉండొచ్చు. 1996 నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక, పుట్టుకతో వైరస్ సోకిన పిల్లలెందరో బతికి బట్టకట్టి కాలేజీ దాకా వస్తున్నారు. గోడ మీద పుర్రె బొమ్మ వేసి "ఎయిడ్స్ అంటే మరణమే" అని రాస్తే, ఆ పిల్ల దాచుకోవడం తప్ప ఇంకేం నేర్చుకుంటుంది? హాస్టల్లో మాత్రల సీసా మీది లేబుల్ చింపేస్తుంది. గలగలమని చప్పుడు కాకుండా లోపల దూది కుక్కుతుంది. పక్క మంచం అమ్మాయి నిద్రపోయాక వేసుకుందామని ఆగి ఆగి, ఒక్కోరోజు తనే నిద్రలోకి జారిపోతుంది. అలా తరచూ మాత్రలు తప్పితే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఒక్కోసారి ఆ మందులకు లొంగకుండానూ పోతుంది.

అదే రోజూ వేసుకుంటూ, వైరస్ పరీక్షలో కనబడనంతగా తగ్గిపోయి అలాగే ఉంటే, లైంగిక సంబంధం వల్ల ఇంకొకరికి సోకదు. జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేనివారిని ఐరోపాలో ఏళ్ల తరబడి గమనించిన 'పార్ట్‌నర్' అధ్యయనం ఫలితాలు 2016లోనూ 2019లోనూ వెలువడ్డాయి. వైరస్ అలా అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు వాటిలో ఒక్కటీ తేలలేదు. మరి మాత్ర దాచుకునేలా చేసే పోస్టరు నివారణకు సాయపడుతోందా, అడ్డుపడుతోందా?

2000లో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన పదకొండేళ్ల దక్షిణాఫ్రికా బాలుడు ఎన్‌కోసి జాన్సన్ మైకు ముందు నిలబడి, మమ్మల్ని తాకితే, కౌగిలించుకుంటే ఎయిడ్స్ రాదని పెద్దలకు చెప్పాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే చనిపోయాడు. ఇన్నేళ్ల తర్వాతా అదే మాట మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావడం విచిత్రం.

పాఠం చేరని పిల్లలు ఇంకా ఉన్నారు. చదువు మానేసి పనికి వెళ్లేవారికి ఆ ఒక్క పేరా కూడా అందదు. మగవాళ్లంటే ఇష్టపడే కుర్రాడికి పాఠంలో తన ఊసే కనబడదు, అడిగితే నవ్వుతారు. ఇక వినికిడి లేని అమ్మాయి హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రానికి వెళ్తే, సైగలు తెలిసిన మనిషి అక్కడ ఉండరు. వెంట వచ్చిన అమ్మే ప్రశ్నలూ జవాబులూ చేరవేస్తుంది. అమ్మ ముందు ఏ పిల్ల నిజం చెబుతుంది? మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లల మీద లైంగిక దాడుల ముప్పు మిగతావారికంటే ఎక్కువ. అయినా వాళ్లకు ఇవన్నీ ఎందుకులే అని వదిలేస్తున్నాం.

చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం పాతదే. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి శృంగారానికి దిగరని, పరిశోధనలన్నీ పరిశీలించాకే యునెస్కో 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. చెప్పకపోతే వచ్చే నష్టం మాత్రం కళ్లెదుటే ఉంది. వైరస్ సోకే ప్రమాదం ఎదురైందని అనుమానం వస్తే 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ సోకకుండా చాలావరకు ఆపొచ్చు. ఈ ముక్క తెలియని కుర్రాళ్లు ఆ మూడు రోజులూ ఫోన్లో లక్షణాలు వెతుక్కుంటూ టెన్షన్‌తో గడిపేస్తారు. మర్నాడే పరీక్ష చేయించుకుని, నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. పరీక్ష రకాన్ని బట్టి వైరస్ జాడ బయటపడటానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుందని వారికి ఎవరూ చెప్పలేదు.

పుర్రె బొమ్మలు తీసేయడానికి పైసా ఖర్చు లేదు. పేరు రాయకుండా చీటీ వేసే ప్రశ్నల పెట్టె ఒకటి పెట్టి, నెలకోసారి నర్సు వచ్చి ఆడా మగా అందరి ముందూ జవాబులు చెప్పొచ్చు. అవే జవాబులను సైగల భాషలో వీడియోలుగా, బొమ్మలతో సులువైన పుస్తకంగా తేవచ్చు. బడి మానేసినవారి కోసం నర్సు వాళ్లు పనిచేసే చోటికే వెళ్లాలి. అయితే పద్దెనిమిదేళ్లు నిండనివారు పరీక్షకు వెళ్తే తల్లిదండ్రుల సంతకం అడిగే దేశాలు చాలానే ఉన్నాయి. ధైర్యం చేసి వెళ్లిన పిల్లలు ఆ కాగితం చూసి వెనక్కి వచ్చేస్తారు. దాన్ని మార్చడం విద్యాశాఖ ఒక్కదానివల్ల అయ్యేది కాదు, ఆరోగ్యశాఖ, చట్టం చేసేవాళ్లు కూడా కలిసి కూర్చోవాలి.

ఇట్లు,
ఒక సైన్సు ఉపాధ్యాయురాలు