ఆరు వందల జత మీద ఇక ‘రన్నింగ్’ అని రాయం

మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. హనుమకొండలో పొద్దున ఐదింటికి జేఎన్ఎస్ స్టేడియం వైపో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపో వెళ్తే ఎంతమంది పరుగెత్తుతున్నారో కనిపిస్తుంది. కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్న పిల్లలు, అథ్లెటిక్స్ నేర్చుకునేవాళ్లు, షుగర్ వచ్చిందని డాక్టర్ చెబితే నడక మొదలుపెట్టినవాళ్లు. వాళ్లలో మా దగ్గర షూ కొనేవాళ్లు చాలామంది అడిగే మాట ఒకటే: “అన్నా, ఆరు వందల జతతోని నడుస్తదా, కంపెనీదే కొనాల్నా?”

దీనికి గల్లా దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేం. అందుకే ఈ సీజన్ నుంచి ర్యాకులే మార్చాం. ధర వరుసలో కాకుండా పని వరుసలో సర్దాం: నడకకు ఒకవైపు, పరుగుకు ఒకవైపు, షటిల్ లాంటి ఇండోర్ ఆటలకు ఒకవైపు. ఆరేడు వందల లోపు జతలన్నీ నడక వైపే ఉంటాయి. తయారుచేసినవాళ్లు డబ్బా మీద ‘రన్నింగ్’ అని అచ్చు వేసినా, మా చీటీ మీద మాత్రం ‘నడకకు, స్కూలుకు’ అనే ఉంటుంది. ఊరూ పేరూ లేని జతలో మాకు శాతం లెక్కన మిగిలేది ఎక్కువ. అయినా ఈ పని చేస్తున్నాం.

కారణం షూ అడుగున ఉంది. రంగూ జాలీ చూసి మనసు పడతాం గానీ, మడమ మీద పడే దెబ్బను తీసుకునేది మధ్యలో ఉండే మెత్తని పొర. పరుగుకు పనికొచ్చే జతలో ఆ పొర ఎక్కువగా ఈవీఏ అనే తేలికైన నురుగుతో ఉంటుంది, నేలను తాకేచోట దాని కింద రబ్బరు అతికిస్తారు. చవక రకాల్లో ఎయిర్‌మిక్స్ అనే పీవీసీ (ప్లాస్టిక్) సోల్ గానీ, కింద రబ్బరే లేని ఒట్టి ఈవీఏ గానీ వస్తుంది. పీవీసీ బరువు, పైగా గట్టి. ఒట్టి ఈవీఏ కొన్నరోజు దూదిలా ఉంటుంది, అందుకే షాపులో రెండడుగులు వేయగానే నచ్చేస్తుంది. రోజూ పరుగెత్తితే త్వరగా అణిగిపోతుంది, మళ్లీ లేవదు. తారు రోడ్డు మీదైతే మడమ బయటి అంచు ముందుగా అరిగి, కాలు ఒక పక్కకు వాలుతుంది. అదే జత వేసుకుని బజారుకు వెళ్లొచ్చేవాళ్లకు, పొద్దున అరగంట నడిచేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ల చేత మూడు వేలు పెట్టించడం న్యాయం కాదు.

కొనేముందు చేతులతోనే మూడు పనులు చేయండి. మడమ వెనక కప్పులా ఉండే భాగాన్ని నొక్కండి, చప్పున లోపలికి పోకూడదు. రెండు చివరలూ పట్టుకుని వంచండి, వేళ్ల దగ్గర వంగాలి గానీ నడిమధ్యలో మడత పడకూడదు. తర్వాత బట్ట పిండినట్టు మెలితిప్పండి, కొంచెం ఎదురు తిరగాలి. ఏ షాపులో కొన్నా ఇవి చేసి చూడొచ్చు, షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

ఇక లెక్క. ఒక మంచి రన్నింగ్ జత మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుందంటారు. ఈవెంట్స్‌కు, అంటే పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలకు, తయారయ్యే పిల్లవాడు రోజుకు 5 కిలోమీటర్ల చొప్పున వారానికి ఆరు రోజులు పరుగెత్తితే, నాలుగు నెలలకే 500 దగ్గరికి వచ్చేస్తాడు. 1,800 రూపాయల జత 600 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే కిలోమీటరుకు 3 రూపాయలు. ఆరు వందల జత 150 కిలోమీటర్లకే అణిగిపోతే కిలోమీటరుకు 4 పడింది, పిక్క నొప్పి అదనం. 12,000 రూపాయల జత కూడా అదే 600 వస్తే కిలోమీటరుకు 20. ఆ ఖరీదైన రకాల్లో సోల్ లోపల కార్బన్ ప్లేట్ అనే గట్టి పలక ఉన్నవి రేసు కోసం చేసినవి, రోజువారీ ప్రాక్టీసుకు కావు. 2022 నోటిఫికేషన్‌లో మన దగ్గర కానిస్టేబుల్ పరుగు మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. ఆ పరుగుకు పన్నెండు వేల షూ అవసరం లేదు. అప్పు చేసి కొంటామని వచ్చే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

ధర పెరిగినకొద్దీ కాలికి సుఖం పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. మూడు బ్రాండ్లలో తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ధరల రన్నింగ్ షూ తీసుకుని అరికాలి మీద ఒత్తిడి కొలిచారు, వేసుకున్నవాళ్లను సుఖం గురించి అడిగారు. ధరను బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే వాళ్లు తీసుకున్నవాటిలో అన్నిటికన్నా చవకది కూడా 40 పౌండ్ల బ్రాండ్ షూనే, మన ఆరు వందల రకం కాదు. కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఇంతే: అడుగున సరైన సరుకు ఉన్న జత దాకా డబ్బు పెట్టండి, ఆ పైన పెట్టేది పేరుకు. పేరు ఒకరిది, కుట్టేది ఇంకొకరు కావడం కూడా మామూలే. అడిడాస్ షూ తిరుపతి జిల్లా తడ దగ్గర అపాచీ ఫ్యాక్టరీలోనూ తయారవుతాయి.

ఆ ‘సరైన జత’ ఇప్పుడు కొంచెం అందుబాటులోకి వచ్చింది కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి జతకు 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి లోపు వాటికి 12, వెయ్యి దాటితే 18 ఉండేది. పన్ను కలపకముందు 2,000 ఉన్న జత 2,360 నుంచి 2,100కు దిగింది. ఆ 260 రూపాయలు మీవే, మా దగ్గర పాత స్టాకుకూ కొత్త ధరే. 2,500 దాటగానే మాత్రం 18 శాతం. 2,600 జత మీద పన్నే 468. అందుకే ఆ గీతకు కాస్త పైన ఉండే రకాలు తగ్గించేశాం. మన దేశపు కంపెనీలవి, కాంపస్, స్పార్క్స్, ఏసియన్ లాంటివి, గీతకు లోపలే చాలా దొరుకుతాయి.

‘ఫస్ట్ కాపీ’, అంటే పెద్ద బ్రాండ్ షూకు నకలు, అడిగేవాళ్లకు: లేదు, తెప్పించను. “అదే ఫ్యాక్టరీల కెల్లి వచ్చింది” అని ఎవరైనా చెబితే నమ్మకండి. లోగో ఒక్కటే దింపుతారు, సోల్ లోపల ఏముందో ఎవరూ పూచీ పడరు. ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం దొంగ మార్కు సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. దానికన్నా పేరు లేని జతే నిజాయితీ గలది. ఐఎస్ఐ గుర్తు గురించీ అడుగుతున్నారు. స్పోర్ట్స్ షూకు ఐఎస్ 15844 అనే ప్రమాణం ఉంది, ఆ గుర్తును తప్పనిసరి చేసే నాణ్యతా ఉత్తర్వు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న యూనిట్లకు సడలింపులు ఉన్నాయి గనుక గుర్తు లేనిదల్లా చెడ్డదని కాదు. ఉంటే మంచిది.

షటిల్ ఆడేవాళ్లు దయచేసి రన్నింగ్ షూతో కోర్టులోకి దిగకండి. దాని మడమ ఎత్తు, మెత్తన. పక్కకు ఒక్కసారి తిరిగితే చీలమండ మడతపడుతుంది. కోర్టు నేల మీద మరకలు వేయని గమ్ సోల్ (మెత్తని రబ్బరు అడుగు) ఉన్నది వేరే ర్యాక్‌లో ఉంది.

పెద్ద బ్రాండ్ సగం ధరకు ఆన్‌లైన్‌లో కనిపిస్తే డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. సోల్ పీయూ (పాలీయురేథేన్ అనే నురుగు) అయితే, వాడకుండా డబ్బాలో ఉన్నా మన తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. సైజు కూడా నంబరు చూసి తెప్పించకండి. యూకే 8 అంటే అడిడాస్‌లో 26.5 సెంటీమీటర్లు, నైకీలో 27. సెంటీమీటర్లే చూసుకోండి. షాపుకు వస్తే సాయంత్రం రండి, అప్పటికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. రోజూ వేసుకునే సాక్స్‌తో, వీలైతే పాత షూ కూడా తెచ్చుకోండి. అది ఎటు అరిగిందో చూస్తే మీకు ఏది పనికొస్తుందో సగం తెలిసిపోతుంది.

ఈవెంట్స్‌కు వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండు మూడు వారాల ముందే కొనుక్కోండి, పది పరుగులైనా అందులో తీయండి. రేపు గ్రౌండ్ ఉందని ఇవాళ వస్తే మాత్రం కొత్త జత అమ్మను. పాతదానికే లేసులు మార్చి పంపిస్తాను.